పాత సైకిలుకు మోటారు: ముందు చక్రానికా, వెనక చక్రానికా, పెడళ్ల దగ్గరా?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మోటారు కిట్ (సైకిలుకు మోటారు తగిలించే సామాన్ల సెట్టు) బిగించిన నా సైకిలు చూసి ఆగినవాళ్లు మొదట అడిగేది "కిట్‌కు ఎంతయింది?" అని. తర్వాత "మమ్మల్ని ఏది కొనమంటారు?" అంటారు. జవాబు చెప్పేముందు నేనే వాళ్లను రెండు అడుగుతాను. మీరు రోజూ వెళ్లే దారిలో ఎత్తు ఎంతుంది? మీ సైకిలు బ్రేకులు వానలో పడతాయా? చాలామంది మోటారు ఎన్ని వాట్లో తేల్చుకోవడానికి వారం రోజులు తిరుగుతారు. బ్యాటరీకి ఒక పూట కేటాయిస్తారు. బ్రేకుల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ వరసను తిరగేసి ముందు బ్రేకులు, తర్వాత బ్యాటరీ, ఆఖర్న మోటారు చూసుకుంటే సగం అయోమయం అక్కడే తీరిపోతుంది.

నేను తార్నాక నుంచి నారాయణగూడ వెళ్లొస్తుంటాను. ఉస్మానియా క్యాంపస్ లోంచి వెళ్లి ఆడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కి దిగుతాను. రానూపోనూ కలిపి పదిహేను కిలోమీటర్లు. మొదట ముందు చక్రానికి మోటారు పెట్టించుకున్నాను. ఏడాది తిరక్కుండానే దాన్ని తీసేసి వెనక చక్రానికి మార్చాను. ఆ రెండు కిట్ల అనుభవంతోనూ, తోటి సైకిలు వాళ్ల బండ్లు తొక్కి చూసినదాన్ని బట్టీ ఇది రాస్తున్నాను.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

దూరం. బ్యాటరీ మీద 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అని ఉంటే ఆ రెండింటినీ గుణించండి. 360 వాట్ అవర్లు వస్తాయి. మనమూ తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే సిటీలో కిలోమీటరుకు 10 నుంచి 15 వాట్ అవర్లు ఖర్చవుతాయి. తొక్కకుండా, బొటనవేలితో నొక్కితే మోటారు నడిచే థ్రాటిల్ మీదే వెళ్తే 15 నుంచి 20. అంటే ఆ బ్యాటరీతో నిశ్చింతగా పోగలిగేది పాతిక కిలోమీటర్లు. అమ్మేవాళ్లు చెప్పే యాభై, అరవై కిలోమీటర్లు గాలి లేని చదును రోడ్డు మీద, మనిషి గట్టిగా తొక్కుతుంటే వచ్చే లెక్క. మీ రోజువారీ దూరాన్ని 15తో గుణించి, దానికి మూడో వంతు కలపండి. మీకు కావాల్సిన వాట్ అవర్లు అవే. బ్యాటరీ పాతబడినా సరిపోవాలి కదా.

ఎత్తు. ఇక్కడ కాస్త లెక్క చేయక తప్పదు. మనిషి 70 కిలోలు, మోటారు, బ్యాటరీతో కలిపి సైకిలు 22, బ్యాగు 8, మొత్తం వంద కిలోలు అనుకుందాం. వంద మీటర్ల దూరంలో ఐదు మీటర్ల ఎత్తు పెరిగే రోడ్డును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 200 వాట్లు కావాలి. ఎనిమిది మీటర్లు పెరిగే రోడ్డయితే దాదాపు 300. మామూలు మనిషి పెద్దగా చెమట పట్టకుండా ఇవ్వగలిగేది 75 నుంచి 100 వాట్లు. కాబట్టి 250 వాట్ల మోటారుకు మన కాళ్లు తోడైతే సిటీలో చాలా ఫ్లైఓవర్లు సులువుగానే ఎక్కేయవచ్చు. అంతకు మించిన ఎత్తు అర కిలోమీటరు పొడవునా ఉంటే కథ మారుతుంది. అప్పుడు ఏ రకం మోటారు అన్నది నిజంగా ముఖ్యమవుతుంది.

సైకిలు. ఫ్రేము, ఫోర్కు ఇనుమువా, అల్యూమినియంవా? ఒక అయస్కాంతం అంటించి చూస్తే తెలిసిపోతుంది. వెనక ఇరుసు కూర్చునే రెండు గాడుల మధ్య వెడల్పు టేపుతో కొలవండి. గేర్ల సైకిళ్లలో సాధారణంగా 135 మిల్లీమీటర్లు ఉంటుంది, ముందు ఫోర్కులో 100. పాత నల్ల సైకిళ్లలో వెనక వెడల్పు ఇంతకంటే తక్కువ. ఇనుప ఫ్రేమునైతే మెకానిక్ కొద్దిగా విప్పార్చగలడు. అల్యూమినియం ఫ్రేమును అలా లాగకూడదు, పగులుతుంది.

బ్రేకులు. రాడ్ బ్రేకులున్న సైకిలుకు, మెరిసే స్టీలు రిమ్ముల సైకిలుకు మోటారు పెట్టకండి. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది. తొక్కేటప్పుడు గంటకు 12, 14 కిలోమీటర్లు పోయే బండి మోటారుతో ఎప్పుడూ 22, 23 మీదే ఉంటుంది. వేగం రెట్టింపయితే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అల్యూమినియం రిమ్ములకు వి-బ్రేకులు గానీ, డిస్క్ బ్రేకులు గానీ ఉండాలి. లేకపోతే కిట్ కంటే ముందు ఆ ఖర్చు పెట్టండి.

చట్టం. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 30 నిమిషాల పవర్ (అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగేది) 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అది మోటారు వాహనం కిందకు రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. అయితే ఈ మినహాయింపుకు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరణ కూడా ఉండాలని అదే నిబంధన చెబుతుంది. కాబట్టి కిట్ కొనేటప్పుడు ఆ పరీక్ష సర్టిఫికెట్ చూపించమని అడగండి. 350, 500 వాట్ల కిట్లు బజార్లో దొరుకుతున్నాయి కదా అని తీసుకుంటే, రేపు రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు మీరు రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం నడిపినట్టవుతుంది. నాకు తెలిసిన ఒకరు "ఎవరు చూస్తారండీ" అన్నారు. చూడకపోవచ్చు. కానీ జరగకూడనిది జరిగిన రోజున అందరూ చూస్తారు.

## ముందు చక్రంలో మోటారు

పెట్టడం దీనికంత తేలిక మరొకటి లేదు. ముందు చక్రం విప్పి, మోటారున్న చక్రం బిగించి, వైర్లు లాగితే పని అయిపోతుంది. చైన్, గేర్లు, ఫ్రీవీల్ ముట్టుకోనక్కర్లేదు. బ్యాటరీ వెనక క్యారియర్ మీద పెడితే బరువు ముందూ వెనకా సమానంగా పడుతుంది. ఇనుప ఫోర్కున్న మామూలు సైకిలుకు, చదునుగా ఉండే ఊరికి ఇది పనికొస్తుంది.

మరి నేనెందుకు మార్చాను? జులైలో ఒక పొద్దున క్యాంపస్‌లో మలుపు తిరుగుతున్నాను. రోడ్డు మీద తడి ఆకులు పరుచుకుని ఉన్నాయి. మోటారు లాగుతుండగానే ముందు చక్రం పక్కకు జారింది. వెనక చక్రం జారితే కాలు నేలకు ఆనించి నిలదొక్కుకోవచ్చు, ముందు చక్రం జారితే ఆ వ్యవధి ఉండదు. మోచేయి గీసుకుపోయింది, అంతే, కానీ వెనక బస్సు వస్తూ ఉంటే? ఆ ఆలోచన చాలా రోజులు వదల్లేదు. ఇసుక పరుచుకున్న రోడ్ల మీదా ఇదే జరుగుతుంది. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం తేలికవుతుంది. మోటారు తిరుగుతుంది గానీ టైరుకు రోడ్డు మీద పట్టు ఉండదు.

ఇంకా పెద్ద విషయం ఫోర్కు. మోటారు చక్రాన్ని ఒకవైపు తిప్పుతుంటే దాని ఇరుసు రెండో వైపు తిరగాలని చూస్తుంది. ఆ బలాన్ని ఆపేది ఫోర్కు చివర ఉన్న చిన్న గాడి మాత్రమే. అల్యూమినియం ఫోర్కులో ఆ గాడి విరిగితే నడుస్తుండగానే చక్రం ఊడి వస్తుంది. స్ప్రింగుల షాకప్ ఫోర్కుకు ముందు మోటారు ఎవరు పెడతామన్నా ఒప్పుకోకండి. ఇనుప ఫోర్కుకైనా సరే ఇరుసును ఫోర్కు కాడకు పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ అనే పట్టీ బిగించాలి. దాని ధర కొన్ని వందలే.

## వెనక చక్రంలో గేర్ హబ్

వందలో డెబ్బై, ఎనభై మందికి నేను చెప్పేది దీన్నే. చక్రం మధ్యలో ఉండే డబ్బానే హబ్ అంటారు. దాని లోపల చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది. నైలాన్ పళ్ల చక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. లోపలే ఒక ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి మోటారు ఆపేసి తొక్కినా చక్రం పట్టేసినట్టు ఉండదు. ఛార్జింగ్ దారిలో అయిపోయినా మామూలు సైకిలులా, కాకపోతే ఆరేడు కిలోలు బరువెక్కిన సైకిలులా ఇంటికి చేరుకోవచ్చు. మోటారు బరువు మూడు కిలోల చుట్టూ ఉంటుంది.

మనిషి బరువు వెనక చక్రం మీదే ఎక్కువ పడుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. ఫ్రేము వెనక గాడులు ఫోర్కు గాడుల కంటే గట్టివి. అయినా ఇక్కడా టార్క్ ఆర్మ్ వేయించండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తోస్తున్నట్టుంటుంది, ముందు మోటారు లాగుతున్నట్టుంటుంది. తోయడమే హాయి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కొనేముందు మీ సైకిలు వెనక పళ్ల చక్రాలు మరతో బిగించే ఫ్రీవీల్ రకమా, జారించి పెట్టే క్యాసెట్ రకమా చూసుకోండి. మోటారు దానికి సరిపోయేదే తీసుకోవాలి. రెండోది పంక్చర్. వెనక చక్రం విప్పాలంటే మోటారు వైరు జాయింటు ఊడదీసి, పెద్ద నట్లు విప్పి, టార్క్ ఆర్మ్ తీసి, మళ్లీ అన్నీ అదే వరసలో బిగించాలి. చాలామంది దీనికే భయపడతారు. నిజానికి మన పంక్చర్ షాపుల పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. వాళ్లు చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క లేపి, ట్యూబు బయటకు లాగి, బకెట్టు నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి ప్యాచ్ వేస్తారు. నాకు మూడుసార్లు పంక్చరైంది, ఒక్కసారి కూడా చక్రం విప్పలేదు. ట్యూబే మార్చాల్సి వస్తే మాత్రం తప్పదు. అందుకే ముళ్లు దిగని మందపాటి టైరు వేయించండి.

మూడోది స్పోకులు. బ్యాటరీ వెనక క్యారియర్ మీదే పెట్టి, లంచ్ బ్యాగూ అక్కడే తగిలిస్తే వెనక చక్రం మీద భారం మరీ ఎక్కువవుతుంది. గుంతల్లో పడ్డప్పుడు స్పోకులు తెగుతాయి. బ్యాటరీని ఫ్రేము త్రికోణంలో పెట్టగలిగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

## పెడళ్ల దగ్గర మోటారు, అంటే మిడ్ డ్రైవ్

ఇందులో మోటారు చక్రంలో కాకుండా పెడళ్లు తిరిగే చోట ఉంటుంది. అది లాగేది చైన్‌నే. అందువల్ల సైకిలుకున్న గేర్లన్నీ మోటారుకూ ఉపయోగపడతాయి. హబ్ మోటారుకు ఉన్నది ఒకే గేరు. నిట్టనిలువు రోడ్డు మీద చక్రం నెమ్మదించినకొద్దీ కరెంటు వేడిగా మారి మోటారు కాగిపోతుంది. మిడ్ డ్రైవ్‌లో పెద్ద పళ్ల చక్రానికి మార్చుకుంటే మోటారు తన వేగంతో తాను తిరుగుతూ, బండిని మెల్లగా పైకి తీసుకెళ్తుంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు రోజూ ఎక్కాల్సినవాళ్లకు, విశాఖలో కొండ వాలున ఇళ్లున్నవాళ్లకు ఇదే సరైనది.

బజార్లో బాగా తెలిసినవి బఫాంగ్ బీబీఎస్ రకాలు, టోంగ్‌షెంగ్ టీఎస్‌డీజెడ్2. రెండోదానిలో మనం పెడల్ మీద ఎంత బలం వేస్తున్నామో కొలిచే సెన్సర్ ఉంటుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా సాయం చేస్తుంది. అది తొక్కి చూశాక నా కాళ్లకే బలం వచ్చిందనిపించింది. బీబీఎస్02 పేరుతో ఎక్కువగా కనిపించేవి 500, 750 వాట్లవి. అవి మన చట్టపు హద్దు దాటినవి, ఆ పేరు చూసి మోసపోకండి. 250 వాట్ల రకమే అడగండి.

దీనికి సైకిలు కూడా కలిసి రావాలి. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం వెడల్పు 68 నుంచి 73 మిల్లీమీటర్లు ఉండి, లోపల మరలుండాలి. గేర్లు లేని సైకిలుకు మిడ్ డ్రైవ్ పెడితే దాని ప్రయోజనమే పోతుంది. చైన్, పళ్ల చక్రాలు తొందరగా అరుగుతాయి, ఎందుకంటే మనిషి బలం, మోటారు బలం రెండూ ఆ ఒక్క చైన్ మీదే పడతాయి. మోటారు లాగుతుండగా గేరు మారిస్తే చైన్ తెగవచ్చు, ఒక్క క్షణం తొక్కడం ఆపి మార్చే అలవాటు చేసుకోవాలి. ఖర్చు హబ్ కిట్ కంటే రెండు మూడు రెట్లు. బిగించడానికి ప్రత్యేక పనిముట్లు కావాలి, వీధి చివర మెకానిక్ దగ్గర అవి ఉండవు.

## మిగిలినవి

గేర్లు లేని పెద్ద హబ్ మోటార్లున్నాయి. అవి ఐదారు కిలోల బరువు. లోపల అరిగే పళ్లు లేవు కాబట్టి చాలా ఏళ్లు పనిచేస్తాయి, చప్పుడూ ఉండదు. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి వస్తుందని దీన్ని అమ్ముతారు. సైకిలు బరువుకు, వేగానికి ఆ వచ్చేది చాలా తక్కువ. మోటారు ఆపి తొక్కితే అయస్కాంతాల పట్టు కాళ్లకు తెలుస్తుంది. సిటీకి వద్దు.

టైరు మీద రోలరు రుద్దుతూ తిప్పేవి కూడా ఉన్నాయి. రెండు నిమిషాల్లో పెట్టి తీసేయవచ్చు. టైరు అరిగిపోతుంది, వానలో రోలరు జారుతుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

మోటారు, బ్యాటరీ, మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే కంట్రోలరు అన్నీ ఒకే చక్రంలో ఇమిడిన అందమైన కిట్లు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. 2009లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు చూపించిన కోపెన్‌హాగన్ వీల్ అలాంటిదే, ఎర్రటి డబ్బాతో ఎంతో ముచ్చటగా ఉండేది. దాన్ని తర్వాత తయారుచేసి అమ్మిన సంస్థ 2023 చివర్లో మూతపడింది. విడిభాగాలు ఆ ఒక్కరి దగ్గరే దొరికే కిట్ కొంటే మన బండి ఆయుష్షు ఆ కంపెనీ ఆయుష్షుతో ముడిపడిపోతుంది. కంట్రోలరు విడిగా, బ్యాటరీ విడిగా, థ్రాటిల్ విడిగా ఉండి, ఎక్కడైనా దొరికే జాయింట్లున్న కిట్ చూడటానికి బాగోకపోయినా పదేళ్లు నడుస్తుంది.

| అంశం | ముందు హబ్ | వెనక గేర్ హబ్ | మిడ్ డ్రైవ్ |
|---|---|---|---|
| పెట్టే శ్రమ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| చదును రోడ్డు | బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగుంటుంది, కానీ ఖర్చు దండగ |
| ఫ్లైఓవర్లు, మోస్తరు ఎత్తు | చక్రం జారవచ్చు | తొక్కితే సరిపోతుంది | సులువు |
| నిట్టనిలువు, పొడవైన ఎత్తు | వద్దు | మోటారు కాగుతుంది | ఇదే సరైనది |
| తడి రోడ్డు | జాగ్రత్త | పర్వాలేదు | పర్వాలేదు |
| పంక్చర్ పని | వెనక చక్రం మామూలే | చక్రం విప్పడం కష్టం | రెండూ మామూలే |
| త్వరగా అరిగేవి | ఫోర్కు గాడి చూస్తుండాలి | స్పోకులు | చైన్, పళ్ల చక్రాలు |
| సరిపోయే సైకిలు | ఇనుప ఫోర్కు తప్పనిసరి | చాలా రకాలు | గేర్లు, మరల గొట్టం ఉన్నవి |

## డబ్బు పెట్టాల్సింది బ్యాటరీ మీద

నేను ఆరా తీసినంతలో 250 వాట్ల హబ్ కిట్ బ్యాటరీ లేకుండా ఏడు నుంచి పది వేల రూపాయలు, 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ పది నుంచి పద్నాలుగు వేలు ఉంటుంది. అంటే సగానికి పైగా ఖర్చు బ్యాటరీదే. మోసమూ అక్కడే జరుగుతుంది. నేను మొదట కొన్న బ్యాటరీ మీద 10 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంది. పదిహేను కిలోమీటర్లకే నీరసపడిపోయేది. గోడ సాకెట్‌కూ ఛార్జర్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు తెచ్చి కొలిచాను. పూర్తిగా ఖాళీ అయిన 360 వాట్ అవర్ల బ్యాటరీ నిండాలంటే, ఛార్జర్‌లో పోయే నష్టంతో కలిపి గోడ నుంచి 400 వాట్ అవర్ల పైనే తీసుకోవాలి. నాది 270 దగ్గరే నిండిపోయింది. అమ్మినాయన దగ్గరికి వెళ్తే "ఎండాకాలం కదా సార్" అన్నాడు. మీరు కొత్త బ్యాటరీ తెచ్చిన వారంలోనే ఈ పరీక్ష చేయండి, మార్చి ఇమ్మని అడిగే గడువు దాటకముందే.

లిథియంలో రెండు రకాలు. మామూలుగా ఇచ్చేది ఎన్‌ఎంసీ. తేలిక, చిన్నది, 36 వోల్టుల బ్యాటరీలో పది సెల్స్ వరసగా ఉంటాయి, నిండితే 42 వోల్టులు చూపిస్తుంది. రెండోది ఎల్‌ఎఫ్‌పీ. ఇందులో పన్నెండు సెల్స్ ఉంటాయి. బరువు, పరిమాణం కాస్త ఎక్కువ. కానీ ఎన్‌ఎంసీ కంటే చాలా ఎక్కువసార్లు ఛార్జ్ చేయవచ్చు, నిప్పంటుకునే ప్రమాదం తక్కువ. మన ఎండలకు, రోజూ వాడేవాళ్లకు నేను ఎల్‌ఎఫ్‌పీకే ఓటేస్తాను. ఒకదాని ఛార్జరు మరొకదానికి పెట్టకూడదు, రెండింటి వోల్టేజీ వేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చవకే గానీ 36 వోల్టులకు మూడు బ్యాటరీలు కలిపి పది కిలోలు దాటుతాయి. సైకిలుకు అంత బరువు మోయించడం అన్యాయం.

మే నెలలో బయట ఎండలో నిలిపిన సైకిలు బ్యాటరీ చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది. ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఛార్జింగ్ పెట్టకండి. గంట ఆగి, చల్లారాక పెట్టండి. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు, గుమ్మం దగ్గరా మెట్ల దారిలోనూ పెట్టొద్దు. లిథియం అంటుకుంటే బయటకు వెళ్లే దారే ముందు మూసుకుపోతుంది. పై అంతస్తులో ఉంటూ కింద ప్లగ్ పాయింట్ లేనివాళ్లు తాళంతో ఊడివచ్చే బ్యాటరీ తీసుకోవాలి. కరెంటు ఖర్చంటారా, నిండా ఛార్జ్ చేస్తే అర యూనిట్ కూడా కాదు.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి జాయింట్లు పచ్చగా చిలుము పడతాయి. జాయింట్ల కంటే కిందికి వైరు వంపు తిరిగేలా కట్టి, జాయింట్లకు గ్రీజు పూసి, టేపు చుట్టండి. వాన నీరు వైరు వెంట జారి బయటే కారిపోతుంది.

## థ్రాటిలా, పెడల్ సాయమా

పెడల్ తిప్పితే మోటారు అందుకునే రకంలో చవకవాటికి అయస్కాంతాల చిన్న బిళ్ల ఉంటుంది. అది పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది, బలం చూడదు. తొక్కడం మొదలెట్టిన కాసేపటికి మోటారు వస్తుంది, ఆపిన కాసేపటికి పోతుంది. యూ టర్న్ దగ్గర, జనం మధ్యలో ఆ కాసేపే ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే లీవర్లు కచ్చితంగా వేయించుకోండి. కిట్‌లో ఇచ్చినా, "పాత లీవర్లే బాగున్నాయి" అని మెకానిక్ వాటిని పక్కన పడేస్తుంటాడు. ఊరుకోకండి.

సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బొటనవేలితో నొక్కే థ్రాటిల్ ఉపయోగం. మిగతా దారంతా పెడల్ సాయంతోనే పోవడం బ్యాటరీకీ మంచిది, మోకాళ్లకూ మంచిది. పిల్లల సైకిలుకు మాత్రం థ్రాటిల్ పెట్టొద్దు.

## ఎవరికి ఏది

విజయవాడ, కాకినాడ లాంటి చదును ఊళ్లో రోజుకు పది కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు, ఇనుప ఫోర్కున్న సైకిలు ఉంటే ముందు హబ్‌తో సరిపెట్టుకోవచ్చు. వానాకాలంలో మలుపుల దగ్గర మోటారు ఆపి తిరిగితే చాలు.

హైదరాబాదులో ఫ్లైఓవర్లు దాటుకుంటూ పోయే ఉద్యోగికి వెనక గేర్ హబ్, ఫ్రేము త్రికోణంలో బ్యాటరీ. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు.

చీర, చుడీదార్‌తో ఎక్కడానికి వీలుగా మధ్య రాడ్ లేని సైకిళ్లలో బ్యాటరీకి ఫ్రేములో చోటుండదు, క్యారియర్ మీదే పెట్టాలి. అప్పుడు వెనక మోటారుకు బ్యాటరీ బరువు కూడా తోడై, స్టాండ్ వేసేటప్పుడు, మెట్లెక్కించేటప్పుడు ముందు భాగం పైకి లేస్తుంది. ఫోర్కు ఇనుముదైతే ఇలాంటి సైకిలుకు ముందు హబ్ మంచిదేమో ఆలోచించండి. ఇలాంటప్పుడు నేను నా సలహా నేనే మార్చుకుంటాను.

మోకాళ్ల నొప్పులతో ఉన్న అరవై దాటిన నాన్నగారికో, పెదనాన్నగారికో అయితే పాత సైకిలుకు కిట్ పెట్టించొద్దనే నా మాట. కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనే ఎత్తు, డిస్క్ బ్రేకులు, మెత్తగా మొదలయ్యే మోటారు ఆయనకు కావాలి. అవన్నీ కలిసి ఉన్న కంపెనీ ఈ-సైకిలు కొనడమే నయం. హీరో లెక్ట్రో, ఈమోటొరాడ్ లాంటివాళ్లవి పాతిక వేల నుంచి నలభై ఐదు వేల మధ్యలో దొరుకుతాయి. వారంటీ అడగడానికి ఒక చోటుంటుంది.

అసలు ఈ పోలిక అందరూ చేసుకోవాలి. కిట్, బ్యాటరీ, కొత్త బ్రేకులు, మంచి టైరు, కూలీ అన్నీ కలిపితే ఇరవై నుంచి పాతిక వేలు అవుతుంది. మీ దగ్గర ఇప్పటికే మంచి ఫ్రేమున్న గేర్ల సైకిలు ఉంటే మార్పించడంలో లాభముంది. బ్యాటరీ పెద్దది పెట్టుకోవచ్చు, ఏది పాడైతే అది మార్చుకోవచ్చు. నాలుగైదు వేల విలువ చేసే తుప్పు సైకిలైతే, దానికి పాతిక వేలు పెట్టడం కంటే కొత్తది కొనండి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు మీద ఆదివారాలు తొక్కడానికే అయితే మోటారే అక్కర్లేదు, మామూలు సైకిలు చాలు.

పాలు, కూరగాయలు మోసే బండికి పెట్టాలనుకునేవాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు టెన్షన్‌గా ఉంటుంది. యాభై కిలోల బరువుతో ఆ బండిని ఆపడమే కష్టం. ముందు రిమ్ములు, బ్రేకులు మార్పించాకే మిగతాది. తర్వాత వెనక హబ్, ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, మందం స్పోకులు. వేగాన్ని కంట్రోలరులోనే గంటకు 18 కిలోమీటర్లకు కట్టేయించుకోండి.

## బిగించాక మొదటి నెల

బిగించిన రోజు మెకానిక్ పక్కనే ఉండండి. ఇరుసు చదునైన పక్కలు గాడిలో పూర్తిగా కూర్చున్నాయా, వాషరు సరైన వైపు ఉందా, టార్క్ ఆర్మ్ బిగిసిందా మీ కళ్లతో చూడండి. మోటారు వైరు ఇరుసులోంచి బయటకు వచ్చే చోట కిందికి వంపు ఉండాలి. మొదటి వంద కిలోమీటర్లకు నట్లు వదులవుతాయి, స్పోకులు సర్దుకుంటాయి. అప్పుడు తప్పకుండా మళ్లీ బిగింపించాలి. నట్టుకు సరిపోయే స్పానరు ఒకటి బ్యాగులో పడేసుకోండి, పంక్చర్ షాపులో ఆ సైజు ఉండకపోవచ్చు.

వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదకు వెళ్లండి. రెండు రిమ్ముల మీదా సీసాతో నీళ్లు పోసి, 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టి చూడండి. బండి ఆగిన చోటు మీకు నచ్చకపోతే, సోమవారం మోటారు స్విచ్ ఆపేసి, తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు రబ్బర్లు మార్పించుకుని రండి.